ఇబ్నె బతూతా చవిచూసిన ఆఫ్రికా భోజనం

మధ్యయుగ ఆఫ్రికాలో నిత్య భోజనం గురించి తెలిపే గ్రంథాలలో ఇబ్నె బతూతా 'రిహ్లా' ముఖ్యమైనది.

1331 ప్రాంతంలో ఆయన తూర్పు తీరాన మొగదిషు రేవులో దిగాడు. అక్కడ నేతితో వండిన అన్నంపై కోడి, మాంసం, చేప, కూరగాయల కూరలు వడ్డించారు. పాలలో ఉడికించిన అరటి, నిమ్మకాయ ఊరగాయ, పచ్చి అల్లం కూడా పెట్టారు. అది సముద్ర వర్తకంతో కలిగిన రేవు పట్టణపు భోజనం.

హి. 753 (క్రీ.శ. 1352)లో ఆయన సహారా దాటి పశ్చిమాన వలాటా చేరాడు. అక్కడి విందులో దంచిన సజ్జల వంటి ధాన్యంలో కొంచెం తేనె, పాలు కలిపి సగం సొరబుర్రలో ఇచ్చారు. “ఇందుకేనా పిలిచింది?” అన్నాడాయన. వారి దృష్టిలో అదే గొప్ప ఆతిథ్యమని తోటివారు చెప్పారు. తరువాత మాలీ సుల్తాను మూడు రొట్టెలు, ఘర్తీ అనే చెట్టుగింజల నూనెలో వేయించిన గొడ్డుమాంసం, పెరుగు పంపితే నవ్వాడు.

అయితే మాలీ దారిలో తిండి మోసుకుపోనక్కరలేదని వ్రాసినదీ ఆయనే. ఉప్పుముక్కలకు, గాజుపూసలకు బదులుగా గ్రామ స్త్రీలు పాలు, కోళ్లు, బియ్యం, అలసంద పిండి, ఆవగింజంత ఫోనియో ధాన్యం ఇచ్చేవారు. ఫోనియోతో కుస్‌కుస్ వండేవారు.

రాజాస్థానాల విందులకు అలవాటుపడిన యాత్రికుడు ఆ నేల పంటను లోభమనుకున్నాడు. ప్రవక్త (స) ఏ భోజనానికీ వంక పెట్టలేదన్న హదీసు ఇక్కడ స్మరణీయం.