బెంటింకు దొర పొదుపు

మొదటి బర్మా యుద్ధము (1824–26) కుంపిణీ బొక్కసమును పీల్చివేసెను. 1828లో గవర్నరు జనరలుగా వచ్చిన విలియం బెంటింకునకు వ్యయము తగ్గింపుమని లండను డైరెక్టర్ల యాజ్ఞ. ఈయన మనకు క్రొత్తవాడు కాడు. 1803 నుండి చెన్నపట్టణమున గవర్నరుగా నుండి, 1806 నాటి వేలూరు సిపాయిల తిరుగుబాటు పిమ్మట పదవి పోగొట్టుకొన్నవాడే.

వచ్చిన యేడే సివిలు, సైనిక వ్యయములను శోధించుటకు వేరువేరు కమిటీలను నియమించెను. ఆ నవంబరులోనే కలకత్తాకు 400 మైళ్ల లోపలి దండులలో తెల్ల సైనికాధికారుల బత్తా సగమునకు దిగెను. తగ్గినది బత్తాయే, జీతము కాదు. ఐనను వారి కోపమునకు మేర లేదు. పత్రికలలో దొరను దుమ్మెత్తి పోసిరి.

పిదప బంగాళమున ప్రొవిన్షియల్ అప్పీలు కోర్టులు రద్దయ్యెను. కోర్టు పోయినంతమాత్రాన వ్యాజ్యములు పోవు గదా! వానిని తీర్చువారెవరు? 1831లో మునసబులకును, సదరమీనులకును అధికారము పెంచి, ప్రధాన సదరమీను అను క్రొత్త పదవిని కల్పించి, ఆ పని దేశీయుల కప్పగించెను. (మన రాజధానిలో జిల్లా మునసబులు 1816 నుండియే కలరు.) తెల్లదొర జీతములో కొద్ది భాగమునకే వారు దొరకిరి. దేశీయులపై ఆదరమును ఉండియుండవచ్చును. లెక్కలు వ్రాయు నా కంటికి మాత్రము జీతముల పద్దే ముందుగా కనబడుచున్నది.

1835లో ఆయన వెడలిపోవునాటికి లోటు తీరి మిగులు తేలెను. జిల్లా జడ్జీ పీఠము మాత్రము తెల్లవారికే యుండెను.