నల్లరేగడి బడికి నూట ఇరవై అయిదేళ్లు

మా పుదూరు పక్క వాన పడిన మర్నాడు చేలోకి దిగినవాడికి తన కాళ్ల బరువు తెలుస్తుంది. నాలుగడుగులు వేసేసరికి నల్లమట్టి పట్టి చెప్పులు చేతికి తీసుకోవాల్సిందే. మాసి, పంగుని నెలలు వచ్చేసరికి అదే చేను ఎండి, పిల్లల చెయ్యి మోచేతిదాకా దూరేటంత నెర్రెలు విచ్చుతుంది. తమిళంలో దీన్ని కరిసల్ అంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడే మనం నల్లరేగడి అంటాం. “నేల నోరు తెరిచిందంటే దప్పికతో ఉందని అర్థం అబ్బయా” అనేవాడు మా తాత. ఆయన బడికి వెళ్లలేదు. కానీ గుప్పెడు మన్ను పిసికి చూసి, విత్తవచ్చో లేదో చెప్పేవాడు.

తాత గుప్పెట్లో చూసినదాన్ని త్రాసులో తూచి, పుస్తకంలో రాసిపెట్టిన బడి ఒకటి మన కోవిల్‌పట్టిలోనే ఉంది. 1901లో మొదలైన వ్యవసాయ పరిశోధన కేంద్రం అది. ఇప్పుడు తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. 2026తో దానికి నూట ఇరవై అయిదేళ్లు నిండుతున్నాయి. దేశంలో మెట్టసేద్యం మీద పనిచేసే పాత కేంద్రాల్లో ఇదొకటి. విళాత్తికుళం, ఎట్టయపురం, సాత్తూరు, అరుప్పుకోట్టై పక్కల చేను దున్నిన ప్రతి ఇంటికీ ఈ కేంద్రంతో ఏదో ఒక బాకీ ఉంది. ఆ బాకీ గుర్తు చేయడానికే ఈ నాలుగు మాటలు.

మన మాటే శాస్త్రంలోకి

నల్లనేల గురించి శాస్త్రవేత్తలు రాసిన పాత ఇంగ్లీషు పుస్తకాలు తెరిస్తే ‘రెగుర్’ అన్న మాట కనిపిస్తుంది. ఇది మన రేగడే. 1840ల్లో దక్షిణాదిని తిరిగి చూసిన న్యూబోల్డ్ లాంటి భూగర్భ పరిశోధకులు ఈ మాటనే వాడారు. ఆ తరవాత భూగర్భ సర్వే సంస్థకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ మధురై, తిరునెల్వేలి జిల్లాల నేలనూ రాళ్లనూ పరిశీలించాడు. 1863లో పల్లావరంలో రాతియుగపు పనిముట్టును గుర్తించి పేరుపొందినవాడు ఆయనే. మన జిల్లాల మీద ఆయన రాసిన గ్రంథం 1883లో వెలువడింది. భూశాస్త్రం మన గడపలోకి వచ్చింది అప్పుడే.

దక్కనులో నల్లరేగడి చాలావరకు అగ్నిపర్వతపు నల్లరాయి శిథిలమై ఏర్పడింది. మన అడుగున ఉన్నది వేరు, అతిపురాతనమైన గ్నైస్ రాయి. కళుగుమలైలో వెట్టువాన్ కోవిలను తొలిచిన కొండలాంటి గట్టి రాళ్లే ఈ నేల కింద పరుచుకుని ఉన్నాయి. ఎండ, సున్నం, నీరు నిలిచే పల్లం కలిసి, వేల ఏళ్లలో ఆ రాతిని మెత్తని బంకమన్నుగా మార్చాయి. ఈ బంకమన్ను రేణువుల పొరల మధ్యకు నీరు చేరితే అవి ఉబ్బుతాయి, ఎండితే కుంచించుకుపోతాయి. నెర్రెలకు కారణం అదే. ఎండాకాలంలో పైమన్ను పొడిగా రాలి నెర్రెల్లో పడుతుంది, వానకు మళ్లీ కలుస్తుంది. అంటే ఈ నేల తన్ను తానే దున్నుకుంటుంది. ఇంత నలుపు ఎక్కడిదన్న ప్రశ్నా చిన్నది కాదు. మద్రాసు ప్రభుత్వ వ్యవసాయ రసాయనవేత్త హారిసన్, ఆయనతో పనిచేసిన రామస్వామి శివన్ నల్ల పత్తినేలల మీద 1912లోనే ఒక పరిశోధన ప్రచురించారు. చూపుకు అంత నల్లగా ఉన్నా ఇందులో సేంద్రియ పదార్థం కొంచెమే. బంకమన్నును గట్టిగా అంటిపెట్టుకున్న ఆ కొంచెమే నేలకు రంగు తెస్తుంది.

మనవాళ్లు ఈ నేలను వెతుక్కుంటూ వచ్చారు. విజయనగర కాలంలో, మధురై నాయకుల కాలంలో తెలుగు దేశం నుంచి దక్షిణానికి కదిలిన కుటుంబాలు, తమకు బాగా తెలిసిన నల్లనేల కనిపించిన చోట ఆగాయి. ఆ వలస కథను ఇడైసెవల్ కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’గా 1976లో తమిళంలో రాశారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, కరిసల్ తమిళానికి పెద్దదిక్కైన రచయిత ఆయన.

కరువు, పత్తి, గొర్రు

1876లో మొదలైన ధాత కరువు దక్షిణాదిలో లక్షల ప్రాణాలు తీసింది. ఆ కరువు మీద 1880లో నివేదిక ఇచ్చిన కమిషన్ సిఫారసులతో వ్యవసాయానికి ప్రత్యేక శాఖలు బలపడ్డాయి. అదే కాలంలో రైలు తూత్తుకుడికి చేరింది. 1880ల్లో హార్వే సోదరులు పాపనాశంలో నూలుమిల్లు పెట్టారు. తిరునెల్వేలి పత్తికి బయటి దేశాల్లో పేరుండేది. నాసిరకం గింజ కలిసిపోయి ఆ పేరు చెడుతున్న రోజులవి. ఆకలి ఒకవైపు, మిల్లుల అవసరం మరోవైపు తరుముతుండగా కోవిల్‌పట్టి ఫారం పుట్టింది. మేలైన కరుంగణ్ణి పత్తిగింజను వేరుచేసి రైతుకు అందించడం దాని తొలి పనుల్లో ఒకటి.

అప్పటిదాకా మన పక్క విత్తనాన్ని వెదజల్లేవారు. సాళ్లుపెట్టి విత్తే గొర్రు, కలుపుతీసే గుంటక రాయలసీమ, బళ్లారి మెట్టసేద్యంలో ఎప్పటినుంచో ఉన్నాయి. తొలి దశాబ్దాల్లో వ్యవసాయ శాఖ మన నల్లనేలలో సాళ్ల సేద్యాన్ని వ్యాప్తి చేయడానికి పాటుపడింది. వలసలో మనం దారిలో వదిలేసి వచ్చిన పనిముట్టు, ప్రభుత్వ ఫారం చేతిమీదుగా మళ్లీ మన చేలోకి వచ్చిందని తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

వానకు ముందే విత్తు

మన బతుకంతా ఐప్పసి, కార్తిగ నెలల మీద ఉంది. ఏడాది వానలో ఎక్కువ భాగం ఈశాన్య రుతుపవనంతోనే వస్తుంది. వాన పడగానే నల్లనేల బురదై, ఎద్దూ మనిషీ లోపలికి వెళ్లలేరు. ఆరేదాకా ఆగి విత్తితే మొదటి వాన తేమ వృథా అవుతుంది. చివర్లో పైరు గింజ పట్టే వేళకు వాన ఉండదు. ఈ చిక్కుకు కేంద్రం చెప్పిన ఉపాయం, పురట్టాసి మొదటి పక్షంలో, సెప్టెంబరు చివరి వారాల్లో, పొడినేలలోనే విత్తడం. జొన్న గింజను పొటాషియం ఫాస్ఫేటు కలిపిన నీళ్లలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, 5 సెంటీమీటర్ల లోతున వేయాలి. చిన్న జల్లుకు మోసపోయి మొలకెత్తదు, గట్టి వాన దిగినప్పుడే లేస్తుంది.

ఈ మాట మొదటిసారి విన్నప్పుడు మా తాత నమ్మలేదు. “ఎండిన నేలలో గింజలు పోయడమా? చీమలకు ధర్మం చేసినట్టే” అన్నాడు. మా నాయన పట్టుబట్టి సగం చేను మాత్రం వానకు ముందు విత్తాడు. ఆ ఏడు వాన తొందరగా వెనక్కి తగ్గింది. ముందు విత్తిన సగంలో కంకి నిండింది. తాత గట్టుమీద చాలాసేపు కూర్చుని, చివరికి ఒక్కమాట అన్నాడు: “వచ్చే ఏడు మొత్తం అట్లే విత్తండి.” పరిశోధన ఫలితం అంటే ఏమిటో నేను నేర్చుకున్నది ఆ గట్టుమీదే.

చేనును చిన్న చిన్న మళ్లుగా విడగొట్టి గట్లు కట్టి, పడిన వానను పడినచోటే ఇంకించే పద్ధతినీ ఈ కేంద్రమే ప్రచారం చేసింది. జొన్నలో కె 8, కె 11, కె 12, మిరపలో కె 1, కె 2 ఇక్కడినుంచి వచ్చిన రకాలు. ఆ ‘కె’ కోవిల్‌పట్టి పేరులోని మొదటి అక్షరం. 1970లో అఖిల భారత మెట్టసేద్య పరిశోధన పథకం మొదలైంది. 1971లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1985లో హైదరాబాదులో కేంద్రీయ మెట్టసేద్య పరిశోధన సంస్థ వెలిసింది. దేశమంతటి మెట్ట పరిశోధనను సమన్వయం చేసేది అదే, కోవిల్‌పట్టి ఆ వరుసలో ఒక కేంద్రం. మన చేల లెక్కలు ఇలా మళ్లీ తెలుగునేలకే చేరుతున్నాయి.

ఇప్పటి చేను

ఈ పండుగ వేళ దిగులు దాచుకోను. జొన్న, సజ్జ, పత్తి తగ్గి మొక్కజొన్న వచ్చింది. 2018లో దేశంలోకి దిగిన కత్తెరపురుగు దాన్ని తినేసింది. పశువులు తగ్గాయి, పెంట తగ్గింది. బీడు పడిన చేలను సీమకరువేలం ముళ్లచెట్టు ముంచేసింది. దాన్ని నరికి బొగ్గు కాల్చి బతికే కుటుంబాలు మన పక్క ఎన్నో. నేలలో ఉన్న ఆ కొంచెం సేంద్రియ పదార్థం కూడా కరిగిపోతే, రేగడి పేరుకే నల్లగా మిగులుతుంది. కేంద్రానికి రాబోయే పాతికేళ్లలో అసలు పని దాన్ని కాపాడటమే. ఆ పనికి మనుషులు కావాలి.

మన పిల్లలకు

ఏడో తరగతితో చదువు ఆపిన కి.రా.ను 1980ల్లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం జానపద విద్యకు ఆచార్యుడిగా పిలిచి కూర్చోబెట్టింది. కరిసల్ రైతు తెలివికి విశ్వవిద్యాలయం పెట్టిన పీట అది. ఇవాళ ఆ పీటకు దారి పరీక్షల మీదుగా ఉంది. కిళ్లికుళం వ్యవసాయ కళాశాలలో చేరి, మృత్తికాశాస్త్రంలో పైచదువు చదివినవారు వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి నిర్వహించే నెట్ రాసి సహాయ ఆచార్యుల ఉద్యోగాలకు పోటీపడవచ్చు. రాళ్ల మీద మనసున్నవారికి తూత్తుకుడి వ.ఉ. చిదంబరం కళాశాలలో భూగర్భశాస్త్రం ఉంది. ఆ శాస్త్రంలో ఎమ్మెస్సీ తరవాత యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్షతో భూగర్భ సర్వేలోకి, సీఎస్ఐఆర్ నెట్ ఎర్త్ సైన్సెస్‌తో అధ్యాపక వృత్తిలోకి వెళ్లవచ్చు. ఇంజనీరింగు ఒక్కటే చదువనుకునే ఇళ్లలో ఈ మాట గట్టిగా చెప్పండి. ఉద్యోగ ప్రకటన వచ్చిన రోజున అర్హత ఉన్న మన పిల్ల ఒకతె సిద్ధంగా ఉండాలి.

చెయ్యి కలుపుదాం

ఎట్టయపురంలో మహాకవి భారతి మణిమండపాన్ని తలచుకోండి. రచయిత కల్కి తన పత్రికలో పిలుపునిస్తే, జనం పంపిన చందాలతో పని సాగింది. 1945లో పునాదిరాయి పడింది, 1947 అక్టోబరులో రాజాజీ తెరిచారు. మన నడుమనే అది జరిగింది. అదే తీరున ఊరూరా పంట చేతికొచ్చినప్పుడు మూటకు ఇంతని తీసి ఒక నిధి పెడదామని నా విన్నపం. మట్టి చదువు చదివే పేదింటి పిల్లలకు ఏటా ఫీజు కట్టడానికి, చిన్నరైతు మట్టిని పరీక్షకు చేర్చే దారిఖర్చుకు ఆ నిధి వాడదాం.

డబ్బు ఇవ్వలేనివారు మన్ను ఇవ్వండి. పంట తీసిన తరవాత చేలో పది పదిహేను చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతున గుంట తీసి, అంచు మన్ను గీకి, అంతా కలిపి, అరకిలో గుడ్డసంచిలో పోయండి. గట్టు పక్కన, పెంటకుప్ప ఉన్నచోట తీయొద్దు. పరీక్షకు ఇస్తే నత్రజని నుంచి జింకు దాకా 12 లెక్కలు కార్డు మీద రాసిస్తారు. సంచి మీద సర్వే నంబరు రాయమంటారు. దాని పక్కన చేను పేరు కూడా తెలుగులో రాయండి: మర్రిమాను చేను, పుట్ట చేను, అవ్వ చేను. మన తాతలు పలికిన రేగడి ఒకనాడు శాస్త్రగ్రంథాల్లోకి ఎక్కింది. ఈ పేర్లు కూడా ఆ బడి రిజిస్టరులోకి ఎక్కాలి.