'క్యాష్' - 'కాసు' : ఒక పదము, రెండు పుట్టుకలు

ఉచ్చారణలో పోలిక యున్నంతమాత్రమున రెండు పదములు ఒకే వంశమునకు చెందినవని నిశ్చయించుట తరచుగా జరుగు పొరపాటు. నేడు అంగడిలోను, బ్యాంకులోను అందరి నోటను వినవచ్చు ఆంగ్లపదము 'క్యాష్' ఇందుకు మంచి తార్కాణము. తెలుగు 'కాసు' ఇంగ్లీషు 'క్యాష్' యొక్క వికృతియని తలచువారు కొందరు కలరు. ఇంగ్లీషువారి 'క్యాష్' కాసునుండియే పుట్టినదని గర్వించువారు మరికొందరు. విచారించి చూచినచో ఈ రెండు అభిప్రాయములును నిలువవు.

రొక్కము అను అర్థమున వాడబడు 'క్యాష్' 16వ శతాబ్ది చివరిభాగమున ఇంగ్లీషున ప్రవేశించినది. ఆనాడు దాని యర్థము ధనము కాదు; ధనము దాచు పెట్టె. ప్రాచీన ఫ్రెంచి 'కాస్', ఇటాలియను 'కస్సా' అను పదములు దీనికి దగ్గరి మాతృకలు. వానికి మూలము లాటిను 'కాప్సా', అనగా పెట్టె. కాలక్రమమున పెట్టె పేరు పెట్టెలోని సొమ్మునకు సంక్రమించినది. 'ఊరంతయు నవ్వినది' అన్నప్పుడు ఊరి పేరు ఊరివారికి చెల్లినట్టిదే ఈ మార్పు. ఆలంకారికులు దీనిని లక్షణ యందురు. మందు నింపు 'క్యాప్సూలు', కళ్ళజోడు ఉంచు 'కేసు' ఈ కుటుంబములోనివే. న్యాయస్థానమున నడచు 'కేసు' మాత్రము వేరు. అది 'పడుట, సంభవించుట' అను అర్థముగల లాటిను ధాతువునుండి వచ్చినది.

'క్యాషియరు' అను మాటయు ఇట్టిదే. సొమ్ము లెక్క చూచువాడను అర్థమున అది పెట్టె కుటుంబమునకు చెందినది. సేనలోని అధికారిని అవమానకరముగా తొలగించుట అను అర్థముగల ఇంగ్లీషు క్రియకును అదే వ్రాత, ఇంచుమించు అదే పలుకు. కాని అది రద్దుచేయుట అను అర్థముగల ఫ్రెంచి క్రియనుండి ఫ్లెమిష్ భాష ద్వారా వచ్చినది. పెట్టెకును దానికిని సంబంధము లేదు.

ఇక రెండవ 'క్యాష్' కథ దక్షిణదేశమునకు సంబంధించినది. తమిళ, తెలుగు, కన్నడములలో 'కాసు' అతి ప్రాచీనమైన నాణెపు పేరు. తంజావూరు బృహదీశ్వరాలయమున రాజరాజచోళుని కాలపు శాసనములు దేవునికిచ్చిన ధనమును కాసులలో లెక్కించినవి. కాసునకు ఏటికి కాసులో ఎనిమిదవ వంతు వడ్డీ విధించినవి. ఈ పదము తూనికను తెలుపు సంస్కృత 'కర్షము'నుండి ఏర్పడినదని పలువురి మతము. 1498లో ఈ దేశమునకు వచ్చిన పోర్చుగీసువారు దీనిని 'కైషా' యని వ్రాసికొనిరి. వారి భాషలో పెట్టెకును 'కైషా' యే పేరు! ఆ రూపమునుండి ఇంగ్లీషువారు చిన్న నాణెమును 'క్యాష్' అనిరి. చీనాదేశపు చిల్లి రాగినాణెములకును ఆ పేరే పెట్టిరి. ఈ విధముగా వేరువేరు చోట్ల పుట్టిన రెండు మాటలు ఇంగ్లీషున ఒకే రూపమును ధరించినవి.

చెన్నపట్టణమున ఈస్టిండియా కంపెనీ లెక్కలలో 80 కాసులు ఒక ఫణము, 42 ఫణములు ఒక వరహా. అనగా వరహాకు 3,360 కాసులు. 1803, 1808 సంవత్సరముల ముద్రగల కాసులు బర్మింగుహాము సమీపముననున్న సోహో టంకశాలలో తయారై ఓడలపై వచ్చినవి. అట్టి నాణెములను తెచ్చుచున్న 'అడ్మిరల్ గార్డనర్' అను ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరమున గుడ్విన్ ఇసుకతిప్పలపై మునిగినది. ఆ కాసులు 1980లలో మరల వెలికి వచ్చినవి. 1818లో మద్రాసు ప్రభుత్వము రూపాయిని ప్రమాణముగా గ్రహించుటతో వరహా, ఫణము, కాసుల లెక్క వెనుకబడినది. తిరువాన్కూరున మాత్రము కాసు 1949 వరకు చెల్లినది.

ఫ్రెంచి పాలిత భారతమున ఈ రెండు పదములును కలిసిపోలేదు. పుదుచ్చేరి ఫ్రెంచివారి చిన్న రాగినాణెము 'కాష్'; సొమ్ముపెట్టె 'కెస్'. 1954లో ఫ్రెంచి పాలన నుండి విడివడిన యానాము ఆ పాలనలోనిదే. ఇంగ్లీషు ఏకము చేసిన దానిని ఫ్రెంచి వేరుగా నిలిపినది.

తెలుగున కాసు నాణెముగా మాయమైనను మాటగా జీవించియున్నది. కాసులపేరు స్త్రీల కంఠాభరణము. ఎనిమిది గ్రాముల బంగారమును నేటికిని కాసు అనుచున్నారు. ఆంధ్రనాయక శతకకర్త పురుషోత్తమకవి ఇంటిపేరు 'కాసుల'. ధనమునకు తెలుగువారు వాడు మాటలు వారు నివసించు నేలనుబట్టి మారుచుండును. కర్ణాటకములోని తెలుగిండ్లలో 'దుడ్డు' వినబడును. షోలాపురపు పద్మశాలీల నోట 'పైసలు' వినబడును. 'నగదు' అరబ్బీనుండి వచ్చినది. 'డబ్బు' ఒకనాడు ఒక రాగినాణెము పేరు మాత్రమే.

కావున కాసు ఇంగ్లీషునుండి ఎరువు తెచ్చుకొన్న మాట కాదు. దానిని పలుకుటకు పిల్లలు సిగ్గుపడ నక్కరలేదు. బ్యాంకులోని 'క్యాష్' కాసు సంతానము కాదు. దానికై పెద్దలు గర్వపడ నక్కరలేదు. సత్యము రెండింటికంటెను రుచికరము. ప్రవాసాంధ్రుల ఇండ్లలో పాత పద్దుపుస్తకములు మిగిలియున్నచో, అందలి కాసు, రూక, దుడ్డు, వరహాల లెక్కలను చిత్తుకాగితములని పారవేయక భద్రపరచవలెను. ఏ తరమువారు ఏ నేలపై ఏ మాటతో బ్రతుకు లెక్క వేసికొనిరో ఆ పుటలే చెప్పగలవు.