ఇంద్రవెల్లికి దారులు: 144 సెక్షన్ చరిత్ర

పాలస్తీనాలోని వెస్ట్ బ్యాంక్‌లో ఊరికీ ఊరికీ మధ్య చెక్‌పోస్టులు, గేట్లు, మట్టికట్టలు ఉంటాయి. 2025 ఆరంభంలో ఐక్యరాజ్యసమితి అలాంటి అడ్డంకులు 849 లెక్కబెట్టింది. అక్కడున్నది పరాయి సైన్యం ఆక్రమణ, కాబట్టి మన పరిస్థితితో సమానం చేయలేం. అయితే పొలానికో, సంతకో, సభకో బయల్దేరిన మనిషిని దారిలో ఆపి వెనక్కి పంపడం ఉత్తర తెలంగాణకూ తెలిసిన సంగతే.

1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది రైతుకూలీలు జైత్రయాత్ర చేశారు. వెట్టి పోవాలని, దొరలు ఆక్రమించిన భూములు తిరిగి ఇవ్వాలని అడిగినవాళ్లలో మాల మాదిగ కూలీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1948 నాటి ఆ చట్టం కింద అయిదుగురు గుమిగూడడమే నేరం కావచ్చు, ఎస్సై స్థాయి అధికారికి కాల్పులు జరిపే అధికారం వస్తుంది. కూలి రేటు మాట్లాడుకోవడానికి వాడకట్టులో పదిమంది కూర్చోవాలన్నా భయపడే పరిస్థితి అది.

ఆదిలాబాద్‌లో సమస్య భూమిదే. మైదానాల నుంచి వచ్చిన గిరిజనేతరుల చేతుల్లోకి గోండుల భూములు పోయాయి. 1970లో చట్టం గట్టిపడినా పోయినవి తిరిగి రాలేదు. పైగా పోడు చేసుకుంటే అటవీ శాఖ కేసులు. ఈ విషయాలు మాట్లాడడానికే గిరిజన రైతుకూలీ సంఘం 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభ పెట్టింది. ఆ రోజు సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు. సభకు అనుమతి రద్దు చేసి 144 సెక్షన్ పెట్టారు. ఆ కబురు గూడేలకు అందలేదు. ఫోన్లు లేని కాలం, కాలినడకన వచ్చే జనం. ఉప్పు, పప్పు కొనుక్కోవడానికి వచ్చిందెవరో, సభకు వచ్చిందెవరో వేరుచేయడం ఎవరికీ సాధ్యం కాదు. అన్ని దిక్కుల నుంచీ వస్తున్నవాళ్లను అడ్డుకున్నారు, చివరికి కాల్పులు జరిపారు. ప్రభుత్వం చెప్పిన మృతులు 13 మంది. పౌరహక్కుల సంఘాలు చెప్పిన సంఖ్య అరవైకి పైనే.

అడ్డుకోవడం ఆ రోజుతో ఆగలేదు. అమరుల స్తూపాన్ని 1986లో కూల్చేశారు, తర్వాత మళ్లీ కట్టారు. ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 వచ్చిందంటే ఇంద్రవెల్లి దారుల్లో పోలీసు పికెట్లు, మళ్లీ 144. తండ్రి చనిపోయిన చోట దండం పెట్టుకోవడానికి కొడుకు పోలీసుల అనుమతి అడగాలి. తెలంగాణ వచ్చాక కూడా కొన్నేళ్లు ఆంక్షల నడుమే నివాళులు సాగాయి.

ఇప్పటి గేట్లు ఎక్కువగా అటవీ శాఖవి. కవ్వాల్ అభయారణ్యాన్ని 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించాక జన్నారం చుట్టుపక్కల రోడ్లపై చెక్‌పోస్టుల దగ్గర వాహనాలపై ఆంక్షలు వచ్చాయి. పులిని కాపాడాల్సిందే, అందులో వాదన లేదు. కానీ గేటు బరువు అందరిపై ఒకేలా పడదు. కారున్నవాడు చుట్టుదారి పడతాడు. సంత ముగించుకుని ఆటోలో ఇల్లు చేరాల్సిన మనిషి పొద్దు చూసుకుంటూ సరుకు అగ్గువకు అమ్మేసి లేస్తాడు.

విద్యార్థులు గమనించాల్సింది ఒకటుంది. రాజ్యాంగం 19(1)(డి) దేశమంతా తిరిగే హక్కు ఇచ్చింది. 19(5) దానికి పరిమితులు పెట్టనిస్తుంది, ఒక కారణం షెడ్యూల్డ్ తెగల ప్రయోజనాల రక్షణ. అంటే బయటివాళ్లను అదుపు చేయడానికి రాసుకున్న మాట అది. ఆదిలాబాద్‌లో భూమి కోసం వచ్చినవాళ్లను ఏ గేటూ ఆపలేదు, భూమి పోయినవాళ్లనే ఆపారు.

2024 జులై 1 నుంచి 144 స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 163 వచ్చింది. ఉత్తర్వు రాతపూర్వకంగా ఉండాలి, కారణాలు చెప్పాలి, మామూలుగా రెండు నెలలు దాటకూడదు. రద్దు చేయమని బాధితులు దరఖాస్తు పెట్టుకోవచ్చు, వాళ్ల వాదన వినాలి. న్యాయమైన అభిప్రాయ ప్రకటనను అణచడానికి ఈ అధికారం వాడకూడదని, ఉత్తర్వులను బయటపెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో చెప్పింది. కాబట్టి పికెట్ దగ్గర ఆపినప్పుడు మొదట అడగాల్సింది ఉత్తర్వు కాపీ. అందులో తేదీ, సంతకం, ఏ ఊళ్లకు వర్తిస్తుందో చూసుకోవాలి.