రివర్సిబుల్ ఇంధన ఘటం

కరెంటు మిగిలినప్పుడు నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టి, కరెంటు కావలసినప్పుడు ఆ రెంటినీ మళ్లీ కలిపి విద్యుత్తు పుట్టించే పరికరం రివర్సిబుల్ ఇంధన ఘటం. మొదటి పని చేస్తున్నప్పుడు అది ఎలక్ట్రోలైజర్, రెండో పనిలో ఫ్యూయల్ సెల్. రెండు పనులూ ఒకే ఘటం చేస్తే ఏకీకృత రకం. రెండు వేర్వేరు యంత్రాలు చేస్తూ మధ్యలో హైడ్రోజన్ ట్యాంకు ఉంటే విడి రకం. పోలిక కోసం, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో ఒక్కొక్కటి 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఆరు ఉన్నాయి. నీరు దిగేటప్పుడు కరెంటు ఇచ్చే యంత్రమే వెనక్కి తిరిగి నీటిని పైకి తోడుతుంది. ఏకీకృత ఘటం సాధించదలచినదీ అదే. కాకపోతే లోహపు చక్రానికి సాధ్యమైన ఆ తిరుగుడు రసాయన ఘటానికి చాలా కష్టమైంది.

ఇంధన ఘటాన్ని కనుగొన్నది ఎవరన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. ఇంగ్లీషు గ్రంథాలు ఎక్కువగా శాస్త్రవేత్త విలియం గ్రోవ్ పేరే చెబుతాయి. బాసెల్ ఆచార్యుడు క్రిస్టియన్ షోన్‌బైన్ వ్యాసం 1839 జనవరిలో అచ్చయింది. గ్రోవ్ లేఖ తేదీ 1838 డిసెంబర్ అయినా, 1839 ఫిబ్రవరిలో అచ్చయింది, అందులో జనవరి నాటి అనుబంధం కూడా ఉంది. ఆ వాయువులు కలిసి కరెంటు పుట్టే ప్రభావాన్ని గుర్తించిన ఘనత షోన్‌బైన్‌కు, పనిచేసే పరికరంగా మలచిన ఘనత గ్రోవ్‌కు ఇవ్వడమే న్యాయంగా తోస్తుంది. 1842లో గ్రోవ్ గ్యాస్ బ్యాటరీ అని పిలిచిన తన ఇంధన ఘటంతో నీటినే విడగొట్టి చూపాడు. అంటే ఈ పరికరపు రెండు ముఖాలూ మొదట్నుంచీ పక్కపక్కనే ఉన్నాయి.

నీటిని విడగొట్టి మళ్లీ కలిపే క్రమంలో శక్తి నష్టం ఎక్కడ జరుగుతుందో వోల్టేజీలు చూస్తే తెలుస్తుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి విచ్ఛేదానికి సిద్ధాంతరీత్యా కనీసం 1.23 వోల్టులు చాలు. ఆచరణలో పలుచని పాలిమర్ పొర వాడే ఎలక్ట్రోలైజర్‌కు (పొర రకం) సుమారు 1.8 వోల్టులు ఇవ్వాలి. తిరిగి వచ్చేది 0.7 వోల్టు దగ్గర. ఈ రెంటి నిష్పత్తే దాదాపు 39 శాతం. హైడ్రోజన్‌ను కుదించి నింపడానికి, పంపులకు పోయేది వేరే లెక్క. కిలో హైడ్రోజన్ తయారీకి సాధారణంగా 50 నుంచి 55 యూనిట్ల కరెంటు, కనీసం 9 లీటర్ల నీరు పడుతుంది. ఆ కిలోలో ఇంధనంగా దక్కే శక్తి సుమారు 33 యూనిట్లు, అందులోనూ కరెంటుగా మారేది సగం చిల్లర.

పొర రకంలో ఏకీకృత ఘటానికి అసలు అడ్డంకి ఆక్సిజన్ వైపు ఎలక్ట్రోడ్. ఫ్యూయల్ సెల్‌లో అక్కడ కర్బనం మీద పరచిన ప్లాటినం వాడతారు. అదే చోట ఎలక్ట్రోలైజర్ వోల్టేజీ పెడితే కర్బనం క్షయించిపోతుంది. కాబట్టి టైటానియం, ఇరిడియం ఆక్సైడ్ తేవాలి. ఇరిడియం ప్లాటినం కంటే కూడా అరుదు, ఎక్కువ భాగం దక్షిణాఫ్రికా గనులదే. మరో చిక్కు తడి. నీటిని విడగొట్టేటప్పుడు ఎలక్ట్రోడ్‌కు నీరు పుష్కలంగా అందాలి. కరెంటు తీసేటప్పుడు పుట్టిన నీరు వెంటనే తొలగాలి, లేకపోతే వాయువుకు దారి మూసుకుపోతుంది. ఒకే ఎలక్ట్రోడ్ ఈ రెంటికీ ఒప్పుకోవాలి.

ఘన ఆక్సైడ్ రకం ఈ బెడదలను చాలావరకు తప్పించుకుంటుంది. ఇట్రియా కలిపిన జిర్కోనియా పింగాణీ పొర గుండా ఆక్సిజన్ అయాన్లు ప్రయాణిస్తాయి. హైడ్రోజన్ వైపు నికెల్ సరిపోతుంది, విలువైన లోహాలు అక్కర్లేదు. పని ఉష్ణోగ్రత 700 నుంచి 850 డిగ్రీలు. నీరు ఆవిరిగా అందుతుంది కాబట్టి విడగొట్టడానికి కరెంటు తక్కువ పడుతుంది. అయితే ఎడతెగకుండా ఎలక్ట్రోలైజర్‌గానే నడిపితే ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ దెబ్బతింటుంది. 2015లో డెన్మార్క్ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, రెండు దిశల్లో మార్చి మార్చి నడిపిన ఘటాల్లో ఆ క్షీణత దాదాపు కనబడలేదు. రివర్సిబుల్ వాడకం ఘటాన్ని అరగదీస్తుందన్న అనుమానాన్ని ఇది తిరగేసింది. ఈ రంగంలో ఇంత ఆశ కలిగించిన ఫలితాలు తక్కువ.

తెలుగు నేలపై ఈ పద్ధతికి దగ్గరి ఉదాహరణ విశాఖపట్నం సమీపంలోని ఎన్టీపీసీ సింహాద్రి కేంద్రం. అక్కడి జలాశయం మీద 25 మెగావాట్ల తేలియాడే సౌర ప్లాంటు 2021 ఆగస్టులో ప్రారంభమైంది. అదే ఏడాది డిసెంబర్‌లో అతిథి గృహం కోసం హైడ్రోజన్ మైక్రోగ్రిడ్ నిర్మాణాన్ని ఎన్టీపీసీ ప్రకటించింది. పగటి సౌర విద్యుత్తుతో 240 కిలోవాట్ల ఘన ఆక్సైడ్ ఎలక్ట్రోలైజర్ నడపాలని, హైడ్రోజన్‌ను అధిక పీడనంలో దాచాలని, సాయంత్రం 5 నుంచి ఉదయం 7 వరకు 50 కిలోవాట్ల ఘన ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్‌తో కరెంటు ఇవ్వాలని ప్రణాళిక. ఇది విడి రకం. 240కి 50 అన్న పొంతన లేని సామర్థ్యాల వెనక కారణముంది. 14 గంటలు పూర్తి సామర్థ్యంతో నడిస్తే 700 యూనిట్లు కావాలి. పెట్టిన కరెంటులో 40 శాతం తిరిగొస్తుందనుకుంటే పగలు 1,750 యూనిట్లు లాగాలి, అంటే 240 కిలోవాట్ల యంత్రం ఏడు గంటలకు పైగా తిరగాలి. ఎండ ఉండే సమయానికి అది సరిపోతుంది. 50 శాతం దక్కితే ఆరు గంటల లోపే చాలు. ఒకే ఘటాన్ని రెండు పనులకూ వాడితే సామర్థ్యాలను ఇలా వేర్వేరుగా ఎంచుకునే వీలు తగ్గుతుంది. ప్రస్తుతానికి విడి రకమే తెలివైన ఎంపిక అనడానికి ఈ లెక్క మంచి ఆధారం.

పరిశోధన విషయానికొస్తే, హైదరాబాద్ పాతబస్తీ అంచున, బాలాపూర్‌లో, పొడి లోహశాస్త్రం, కొత్త పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఉంది. దాని ఇంధన ఘటాల విభాగం మాత్రం చెన్నైలో పనిచేస్తుంది, పొర రకం ఘటాలు దాని ప్రధాన రంగం. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని ఇనుమేతర పదార్థాల సాంకేతిక కేంద్రం ఎన్‌ఎఫ్‌టీడీసీ ఘన ఆక్సైడ్ ఘటాల మీద పనిచేసిన సంస్థల్లో ఒకటి. ఇక నిల్వకు కావలసిన చోటు సంగతి చూస్తే, చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లాంటి ఇరుకు చోట అధిక పీడన హైడ్రోజన్ ట్యాంకు పెట్టడం సమంజసం కాదు. ఈ వాయువు చాలా తేలిక, గాలిలో 4 శాతం దాటితే అంటుకునే గుణం ఉంది. పైన తెరపి, చుట్టూ ఖాళీ ఉన్న చోటే దానికి తగును.

ఒక రాత్రి అవసరానికి లిథియం బ్యాటరీ ముందుంటుంది, పెట్టినదాంట్లో 85 శాతానికి పైగా తిరిగిస్తుంది. నీటిని పైకి తోడి నిల్వచేసే పంప్డ్ స్టోరేజ్ (నంద్యాల జిల్లా పిన్నాపురం ప్రాజెక్టు వంటిది) కూడా 75, 80 శాతం మధ్య ఇస్తుంది. హైడ్రోజన్ బలం మరోచోట ఉంది. నిల్వ గంటలు పెంచాలంటే ట్యాంకు పెంచితే చాలు, ఘటాలు పెంచనక్కర్లేదు. నిల్వ ఉన్నంతకాలం దానంతట అది తరిగేది స్వల్పం. అందుకే రోజుల తరబడి ఎండ లేని చోట్లకు, డీజిల్ మోసుకెళ్లడం భారమైన చోట్లకు ఇది నప్పుతుంది. లద్దాఖ్‌లోని చుషుల్‌లో డీజిల్ జనరేటర్ల స్థానంలో సైన్యానికి 200 కిలోవాట్ల సౌర హైడ్రోజన్ మైక్రోగ్రిడ్‌ను ఎన్టీపీసీ చేపట్టడం ఈ తర్కం మీదే.

అంతరిక్షంలో ఈ పద్ధతికి విలువ మరింత ఎక్కువ. అక్కడ నీటిని పారబోయకూడదు, చీకటిలో సౌర ఫలకాలు పనిచేయవు. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ58 చివరి దశ వేదిక మీద ఇస్రో 100 వాట్ల తరగతి పొర రకం ఇంధన ఘటాన్ని పరీక్షించింది. పీడన పాత్రల్లో తీసుకెళ్లిన హైడ్రోజన్, ఆక్సిజన్‌లతో అది 180 వాట్ల కరెంటు ఇచ్చింది. ఆ పరీక్ష ఒక దిశలోనే జరిగింది, నీటిని తిరిగి విడగొట్టే భాగం అందులో లేదు.