వరద కబురు వీధి దాకా

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. 75 ఏళ్లు దాటిన ఆ కేంద్రం పేరెత్తగానే నాటకాలు, సంగీత కచేరీలు, భక్తిరంజని గుర్తుకొస్తాయి. కానీ కృష్ణా డెల్టాలో రేడియోకు మరో కొలువుంది. ఒకప్పుడు దండోరా వేసేవాడి మీదున్న బాధ్యత అది. గాలివాన వస్తోందనీ ఏరు పొంగుతోందనీ ముందుగా జనానికి చెప్పడం.

1977 నవంబరు 19న ఆ డెల్టాలోని దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. తుపాను హెచ్చరికలు ముందే వెలువడ్డాయి. అయినా పదివేల ప్రాణాల దాకా పోయాయి. కబురు అందని గుడిసెలెన్నో. అందినా, విన్నవాళ్లు ఎటు పోవాలి? పాకలు తప్ప పక్కా కట్టడం లేని ఊళ్లో పిల్లల్ని ఎత్తుకుని ఏ మేడ ఎక్కాలి? ఆ ప్రశ్నకు జవాబుగానే తీరం వెంబడి తుపాను షెల్టర్లు లేచాయి. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర భీకర తుపాను తీరం దాటినప్పుడు 6 లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. అప్పుడూ వందల మంది పోయారు, కానీ దివిసీమ విషాదం తిరిగి రాలేదు. వినడానికి రేడియో, వెళ్లడానికి చోటు, తీసుకెళ్లడానికి మనుషులు, ఈ మూడూ ఒక్కచోట కుదిరాయి.

బెజవాడలో కృష్ణ వరదకు ఎప్పటినుంచో ఒక లెక్క ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది. నది ఒడ్డున రక్షణ గోడ కట్టకముందు రాణిగారితోటలో, తారకరామ నగర్‌లో ఆ అంకెలు వింటూనే మంచాలు, బియ్యం డబ్బాలు పైకెక్కించేవారు. క్యూసెక్కు అంటే ఎంతో చెప్పలేని ముసలమ్మకు కూడా ఏ అంకెకు తన మెట్టు మునుగుతుందో తెలుసు.

అదే నగరాన్ని ముంచే బుడమేరు వాగుకు అలాంటి లెక్క జనం నోట లేదు. అక్కడే దెబ్బతిన్నాం. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. అటు బుడమేరు గట్లకు గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక కాలనీల్లోకి నీరు చొరబడింది. కృష్ణా నదిలోనే వరద నిండుగా ఉంటే బుడమేరు మళ్లింపు కాలువ నీరు అందులోకి సరిగ్గా దిగదు. కరెంటు పోయింది, ఫోన్లలో చార్జింగ్ అయిపోయింది. అన్నం పొట్లాలు డ్రోన్ల మీద వచ్చాయి. ఒక మేడ మీది నుంచి ఇంకో మేడకు కేకలేసే కబుర్లే మిగిలాయి.

ఇప్పుడు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ హెచ్చరికలు ఫోన్‌కే వస్తున్నాయి. మంచిదే. కానీ ఫోన్ ఆరిపోయాక కాలనీకి ఏది దిక్కో కాలనీ సంఘాలే తేల్చుకోవాలి. బ్యాటరీ సెల్లుతో నడిచే ఒక ట్రాన్సిస్టర్, గుడిలోనో మసీదులోనో ఉన్న మైకుకు బ్యాటరీ, ఒంటరి వృద్ధులు, బాలింతలు, మంచం పట్టినవాళ్లు ఏ ఇళ్లలో ఉన్నారో కాగితం మీద రాసిన జాబితా, వాళ్లను మోసుకెళ్లే కుర్రాళ్ల పేర్లు: ఇవి వానాకాలానికి ముందే సిద్ధమైపోవాలి. రేడియో నుంచి కోరేది ఒకటుంది. వానాకాలంలో బ్యారేజీ నీటి లెక్కతో పాటు వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర బుడమేరు మట్టం కూడా చదవాలి, ఎంత మట్టానికి ఏయే కాలనీలు కదలాలో పేరు పెట్టి చెప్పాలి.