కాలయాన నవలా శ్రేణుల్లో కథకుల మార్పు

కిశోర పాఠకుల కోసం వచ్చిన కాలయాన నవలల్లో, మొదటి పుస్తకాన్ని నడిపిన పాత్రను పక్కనపెట్టి రెండోదాన్ని మరొకరి చేతికివ్వడం ఆంగ్ల సాహిత్యంలో వందేళ్లకు పైబడిన పద్ధతి. ఇటీవలి ఉదాహరణల్లో స్పష్టమైనది అమెరికన్ రచయిత్రి మైరా మెక్‌ఎంటైర్ రాసిన ‘అవర్‌గ్లాస్’ (2011), దాని కొనసాగింపు ‘టైమ్‌పీస్’ (2012). మొదటిదాన్ని ఎమర్సన్ కోల్ అనే అమ్మాయి, రెండోదాన్ని కేలబ్ బల్లార్డ్ అనే కుర్రవాడు ఉత్తమ పురుషలో చెబుతారు. దీన్ని కేవలం అమ్మకాల ఎత్తుగడ అనుకోవచ్చు గాని, ఈ అవసరం కాలయాన కథ స్వభావంలోనే ఉంది. అలాంటి కథను ముందుకు లాగేది ప్రయాణికుడి తెలియనితనం. వెళ్లిన శతాబ్దంలో ఏం మాట్లాడితే ముప్పో, వెనక్కి దారేదో తెలియకపోవడం వల్లే పాఠకుడికి ఉత్కంఠ. పుస్తకం ముగిసేసరికి నియమాలన్నీ ఒంటబట్టిన ప్రయాణికుడికి రెండో పుస్తకంలో ఆశ్చర్యపోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఈ చిక్కును తొలినాళ్లలోనే చక్కగా పరిష్కరించింది ఇంగ్లండ్‌కు చెందిన ఈడిత్ నెస్బిట్. ‘ది హౌస్ ఆఫ్ ఆర్డెన్’ (1908)లో ఎడ్రెడ్, ఎల్ఫ్రిడా అనే తోబుట్టువుల జంట, సస్సెక్స్ యాసలో మాట్లాడే మౌల్డీవార్ప్ అనే తెల్ల చుంచు సాయంతో పాత దుస్తులు తొడుక్కుని గతంలోకి వెళ్తుంది. 1605లో ఎల్ఫ్రిడా గన్‌పౌడర్ కుట్ర మీది పద్యాన్ని కుట్ర బయటపడక ముందే అప్పజెప్పి, ఇంటిల్లిపాదినీ లండన్ టవర్ పాలు చేస్తుంది. ఆ కాలంలోనే ఆ పిల్లలకు రిచర్డ్ అనే బంధువు తారసపడతాడు. భవిష్యత్తు సంగతులు అతనికి ఎలా తెలుసన్నది పాఠకుణ్ని వెంటాడే ప్రశ్న. మరుసటి ఏడాది వచ్చిన ‘హార్డింగ్స్ లక్’ (1909) అతని వైపు నుంచి అదే కథను చెప్పి జవాబిస్తుంది. రిచర్డ్ అసలు డెప్ట్‌ఫర్డ్ పేటలో పెరిగిన డికీ హార్డింగ్ అనే కుంటి అనాథ. మొదటి జేమ్స్ రాజు కాలంలో అతనికి కాలు బాగుంటుంది, ప్రేమగా చూసుకునే ఇల్లుంటుంది. ఆర్డెన్ ఆస్తికి అసలు వారసుడు తానేనని తేలినా, దాన్ని ఎడ్రెడ్ కుటుంబానికే వదిలి డికీ గతంలోనే ఉండిపోతాడు. నెస్బిట్ 1884లో ఏర్పడిన ఫేబియన్ సొసైటీ వ్యవస్థాపకుల్లో ఒకరు. జమీందారీ ఇంటి పిల్లలకు గతం ఒక వేడుకైతే, పేదపిల్లవాడికి అది వర్తమానం మీద తీర్పు. ఈ తేడా మొదటి పుస్తకపు పిల్లల కళ్లతో కనిపించేది కాదు. రెండిటిలో నిస్సందేహంగా గొప్పది ఈ రెండోదే.

తర్వాతి అర్ధ శతాబ్దంలో బాలల కాలయాన కథలు చాలానే వచ్చాయి. 1960లలో పెనెలోప్ ఫార్మర్ ‘ది సమ్మర్ బర్డ్స్’ (1962)లోని షార్లెట్‌ను వదిలి, ఆమె చెల్లెలు ఎమ్మా చుట్టూ ‘ఎమ్మా ఇన్ వింటర్’ (1966) అల్లింది. మడలీన్ లెంగిల్ ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’ (1962)కు న్యూబరీ పతకం అందుకుంది. అందులో నాయిక మెగ్. ‘మెనీ వాటర్స్’ (1986)లో మెగ్ కవల తమ్ముళ్లు శాండీ, డెన్నిస్ తండ్రి కంప్యూటర్‌ను కెలికి నోవహు కాలపు ఎడారిలో పడతారు. వింతలను నమ్మని ఈ లౌక్యపు పిల్లలను ఎంచుకోవడం తెలివైన పని. జలప్రళయం రాబోతోందని వాళ్లకు తెలుసు; ఓడ ఎక్కినవారి జాబితాలో తమ పేర్లు లేవనీ తెలుసు.

నెస్బిట్, లెంగిల్ కథలు ప్రథమ పురుషలో నడుస్తాయి కనుక అక్కడ మారింది దృష్టికోణమే గాని కథకుడు కాడని ఒక అభ్యంతరం ఉంది. వ్యాకరణరీత్యా అది నిజమే. కానీ పాఠకుడికి ఏది ఎప్పుడు తెలియాలో నిర్ణయించేది దృష్టికోణమే. ఉత్తమ పురుష ఆ పరిమితిని మరింత బిగిస్తుంది, అంతే. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: జర్మన్ రచయిత్రి కెర్‌స్టిన్ గియర్ ‘రూబిన్‌రోట్’ (2009)తో మొదలైన త్రయాన్ని మొత్తం నాయిక గ్వెండొలిన్ చేతనే చెప్పించి మెప్పించింది. అయితే ఆ మూడు పుస్తకాల కథ కొద్ది వారాల్లోనే ముగుస్తుంది. పైగా కాలయాన శిక్షణంతా పొందింది ఆమె కజిన్ షార్లెట్. కాలయానపు జన్యువు ఉన్నదేమో ఏమీ నేర్వని గ్వెండొలిన్‌కు. అంటే నాయిక తెలియనితనాన్ని గియర్ చివరిదాకా కాపాడుకుంది.

మెక్‌ఎంటైర్‌కు ఆ వెసులుబాటు లేదు. గతంలోకి వెళ్లే శక్తి ఉన్న ఎమర్సన్ మొదటి పుస్తకంలోనే కేలబ్ తండ్రి లియామ్‌ను చావు నుంచి తప్పిస్తుంది. కేలబ్‌కు కాలయాన శక్తి లేదు, ఇతరుల భావోద్వేగాలను గ్రహించే శక్తి మాత్రమే ఉంది. అందుకే కాలయాన శక్తి ఉన్నవారికి కనిపించే కాలంలోని చీలికలు అతనికి కనబడకూడదు. ‘టైమ్‌పీస్’ ఆరంభంలో అవి కనబడటం మొదలవుతుంది. ఎమర్సన్‌కు అలవాటైపోయిన దృశ్యం అతనికి దిగ్భ్రాంతి కలిగిస్తుంది; నియమం చెడిందన్న సంగతి ఇద్దరిలో అతని నోటనే నమ్మదగ్గట్టు వినిపిస్తుంది. ఎమర్సన్ గొంతుకు అలవాటుపడిన పాఠకులకు ఈ మార్పు కొంత నిరాశ కలిగించవచ్చు, ఆ నష్టం నిజమే. రచయిత్రి మాత్రం వెనక్కి తగ్గలేదు. మూడో నవల ‘ఇన్ఫినిటీగ్లాస్’ (2013)ను హ్యాలీ, డ్యూన్ అనే మరో ఇద్దరు వంతులవారీగా చెబుతారు.